పెట్రోలు పైపులో మంచుగడ్డ

కారు సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది. నా ఒళ్ళు మండింది అందుకే. బ్యాటరీ చచ్చిందనుకోండి, చచ్చిందిలే అని ఊరుకుంటాం. ఇది అలా కాదు. గిర్రున తిరుగుతుంది, ఇదిగో అందుకుంటున్నా అని ఊరిస్తుంది, అందుకోదు. అచ్చం మా తమ్ముడు రేయో లాగే. పెడితే తింటాడు, పడుకోమంటే పడుకుంటాడు, పిలిస్తే తల తిప్పుతాడు. లోపల మాత్రం ఏదీ అంటుకోదు.

వాడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు, భుజాన సంచీతో. నేను లోపల కూర్చుని తాళం తిప్పుతున్నాను. బయట మైనస్ ముప్పై. ముక్కులో వెంట్రుకలు కూడా గడ్డకట్టే చలి. పొద్దెక్కినా ఇంకా చీకటే, జనవరిలో మా దగ్గర సూర్యుడు మొక్కుబడికి వచ్చిపోతాడు.

"ఒరే, అడవిలో చెట్లు నరికే మిషన్లు ఇన్నేళ్ళు తోలావు కదా. దీనికేం రోగమో చెప్పరాదూ?" అన్నాను కిటికీ దించి.

"ఏమో అక్కా."

"ఏమో కాదు. వచ్చి చూడు."

వచ్చాడు. చూశాడు. బానెట్ వైపు కాదు, బానెట్ మీది మంచు వైపు. వాణ్ణి తిట్టాలని నోటిదాకా వచ్చింది, మళ్ళీ దేనికిలే అనిపించింది. చచ్చిన పాముని ఎంతకని కొడతాం?

మా దేశంలో జైలుకి ఎవరూ ఈడ్చుకుపోరు. పళ్ళ డాక్టరు రమ్మన్నట్టు ఉత్తరం వస్తుంది, ఫలానా రోజు సాయంత్రంలోగా రండి అని. మనమే సంచీ సర్దుకుని మన కాళ్ళ మీద మనం నడిచి వెళ్ళాలి. రేయోకి ఇచ్చిన గడువు ఇవాళే. తాగకుండా, వేళకి వెళ్ళినవాడికి ఓపెన్ జైలు. అక్కడ గోడలుండవు, పని ఉంటుంది, ఆదివారం ఆదివారం నేను వెళ్ళి చూడొచ్చు. వెళ్ళకపోతే పోలీసులొచ్చి పట్టుకుపోతారు, ఎక్కడో దక్షిణాన గోడలున్న జైల్లో పడేస్తారు. ఆ గోడల మధ్యకి వెళ్తే రేయో మళ్ళీ ప్రాణాలతో బయటికి రాడు. ఆరు నెలల నుంచి వాడి పక్క గదిలో పడుకుంటున్నదాన్ని, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వేటతుపాకీ నేనే తీసుకెళ్ళి బడిలో మా వంటింటి బీరువాలో పెట్టి తాళం వేశాను. నేను బడిలో వంట చేస్తాను లెండి.

అందుకని ఇవాళ ఈ బండి కదలాలి. నాకు ఇంకే కోరికా లేదు. వాడు మంచివాడు కావాలనీ లేదు, ఊరు క్షమించాలనీ లేదు. సాయంత్రంలోగా ఆ గేటు దగ్గర వాడు తన కాళ్ళ మీద నిలబడితే చాలు.

బస్సు అటు వెళ్ళదు. పక్క ఊరి టాక్సీవాడు, ఈ చలిలో బడిపిల్లలని దింపడానికే టైము చాలట్లేదమ్మా, రాలేను పొమ్మన్నాడు. మా ఊళ్ళో ఒక్కటే టాక్సీ. రోడ్డుకి అవతల, సరిగ్గా మా ఎదురింట్లో. అది సకారిది.

సకారిని ఎలా పిలుస్తాను? వాళ్ళబ్బాయి ఎస్కోని చంపింది మావాడు.

జూన్‌లో మిడ్‌సమ్మర్ పండగ రాత్రి అందరూ తాగుతారు. కోకో వెలిగిస్తాం, అంటే చెరువు ఒడ్డున పెద్ద భోగిమంట లాంటిది వేస్తాం. సాసేజీలు కాలుస్తాం. ఆ తర్వాత ఎవడో ఒకడు పడవెక్కుతాడు. ప్రతి ఏడూ మర్నాడు రేడియోలో లెక్క చెప్తారు, దేశం మొత్తం మీద ఇన్ని ప్రాణాలు చెరువుల పాలయ్యాయని. కాఫీ తాగుతూ వింటాం, అయ్యో అనుకుంటాం, వచ్చే ఏడు మళ్ళీ పడవెక్కుతాం. ఆ రాత్రి రేయో, ఎస్కో ఇద్దరే వెళ్ళారు. పడవ తిరిగొచ్చినప్పుడు రేయో ఒక్కడే చుక్కాని దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎస్కో పడవలో అడుగున ఉన్నాడు. మోటారు రెక్కలు వాడి పొట్టని చీల్చేశాయి. ఇరవై మూడేళ్ళ కుర్రాడు. నా చేతి క్యాబేజీ పులుసు తిని పెరిగినవాడు.

ఎలా జరిగిందిరా అంటే, గుర్తులేదు అన్నాడు రేయో. పోలీసులకీ అదే. కోర్టులోనూ అదే. కోర్టు బయట నడవాలో సకారి ఎదురొచ్చి, కేకలేం వెయ్యకుండా, "నాకు ఒక్కటే కావాలిరా. వాడు ఎలా పోయాడో చెప్పు" అన్నాడు. రేయో గోడకేసి చూస్తూ, గుర్తులేదు అన్నాడు. అప్పట్నించి ఆ రోడ్డు దాటి ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు పోలేదు.

మళ్ళీ తాళం తిప్పాను. గిర్ర్ గిర్ర్ గిర్ర్. చలిలో చప్పుడు ఎంత దూరం పోతుందో మీకు తెలుసో లేదో. రోడ్డు అవతల వంటింటి దీపం వెలిగింది. నేను చూడనట్టే ఇంకోసారి తిప్పాను.

"ఆపు! బ్యాటరీని చంపుకుంటావు!"

సకారి. నెత్తిన బొచ్చుటోపీ, ఒంటి మీద టాక్సీ కోటు, చేతిలో టార్చి. గేటు దాటి మా వాకిట్లోకి వచ్చేశాడు.

రేయో అలాగే నిలబడ్డాడు, బెల్లం కొట్టిన రాయిలా.

మా వైపు ఒక రివాజుంది. చలి మైనస్ ముప్పై దాటాక, స్టార్టు కాని బండిని చూసి ఎవరూ పక్కనించి పోకూడదు. అది ఎవరిదైనా సరే, శత్రువుదైనా సరే. ఇది చట్టం కాదు, దీన్ని ఎవరూ నేర్పరు కూడా. దాటిపోయినవాడి మొహం మాత్రం ఊళ్ళో ఎవరూ చూడరు. అందుకే వచ్చాడని నాకు తెలుసు. మా మీద ప్రేమ పొంగి కాదు.

"ఇవాళేనా?" అన్నాడు నాతో. రేయో వంక చూడలేదు.

"ఇవాళే. సాయంత్రంలోగా."

"నిన్న రాత్రి ఇంజను హీటరు తీగ పెట్టావా?"

"పెట్టక! పెట్టకుండా తాళం తిప్పడానికి నేనేమైనా హెల్సింకి నించి దిగానా?"

చేతితొడుగు తీసి బానెట్ కింద చెయ్యి పెట్టి చూశాడు. "ఇంజను వెచ్చగానే ఉంది. సెల్ఫూ బాగుంది. ఇది బ్యాటరీ జబ్బు కాదు, చలి జబ్బు అసలే కాదు." ఆగి, "చలి జబ్బే అనుకో. ఇంజనుకి మాత్రం కాదు" అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. అతను ఏం తేల్చినా సరే, బండి కదిలితే చాలు.

ఒక ప్లగ్గు ఊడదీశాడు. టార్చి నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. ప్లగ్గుని వైరుకి తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించి, తాళం తిప్పమన్నాడు. తిప్పి వచ్చి చూస్తే, "చూశావా, నీలంగా నిప్పురవ్వ. కరెంటు వస్తోంది" అని ప్లగ్గుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నా ముక్కు దగ్గరా పెట్టాడు. "వాసన వస్తోందా?"

"ఏ వాసనా లేదు."

"అదీ. ఇంతసేపు తిప్పావు కదా, పెట్రోలుతో తడిసి కంపు కొట్టాలి. ఎండిపోయి ఉంది. దీనికి తిండి అందట్లేదు."

తర్వాత వెనక సీటు మీద చెవి పెట్టి, తాళం సగం మాత్రం తిప్పమన్నాడు. అడుగున పంపు మోత వినపడింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. "పంపు పనిచేస్తోంది. ముక్కుతోంది పాపం. తోస్తోంది గానీ ముందుకి పోవట్లేదు. దారిలో ఎక్కడో అడ్డం పడింది." లేచి నా మొహంలోకి చూశాడు. "బండి ఎప్పట్నించి కదల్లేదు?"

ఆ ప్రశ్నకి జవాబు ఇద్దరికీ తెలుసు. అయినా అడిగాడు.

"మిడ్‌సమ్మర్ నించి" అన్నాను. "వాడి లైసెన్సు లాగేసుకున్నారు. నాకు డ్రైవింగంటే చిరాకు. బడికి తోపుడుబండి మీద పోతాను." మంచు మీద కాలితో తోసుకుంటూ పోయే బండి లెండి, మా ముసలమ్మలందరికీ ఉంటుంది.

"టాంకులో ఎంతుంది?"

"కొంచెం. అడుగున."

"ఆకులు రాలేటప్పుడు స్పిరిట్ పోశావా?"

మా దగ్గర చలికాలం రాకముందే టాంకులో ఒక సీసా స్పిరిట్ పోస్తారు. ఖాళీ టాంకులో గోడలకి చెమ్మ పడుతుంది, అది కిందికి దిగి నీళ్ళవుతుంది, పైపులో చేరి గడ్డకడుతుంది. స్పిరిట్ పోస్తే నీళ్ళు అందులో కలిసిపోతాయి, గడ్డకట్టవు. మూడేళ్ళ పిల్లకాయకి కూడా తెలిసిన సంగతి. ఇంజనుకి కట్టిన హీటరు ఇంజనుని కాస్తుంది గానీ వెనక పైపుల దాకా దాని వేడి పోదు.

"ఏం ఓర్వోక్కీ, పోశావా లేదా?"

"పారబోశాను" అన్నాను. "ఇంట్లో ఉన్న బీర్లు, వోడ్కా, దగ్గు మందు, షెడ్డులో ఉన్న స్పిరిట్ సీసాలు, అన్నీ పారబోశాను. తాగడానికేం దొరక్కపోతే ఇక్కడివాళ్ళు ఆ స్పిరిట్టే తాగుతారని నీకు తెలీదా? నేను బడికి పోతే వీడికి కాపలా ఎవరు?"

సకారి ఒక్క క్షణం నన్ను చూశాడు. "తాగుబోతుతో పాటు బండి చేత కూడా తాగుడు మాన్పించావన్నమాట" అన్నాడు.

అది జోకు. ఎస్కో పోయాక ఆ మనిషి నోట జోకు వినడం అదే మొదటిసారి. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ముక్కు తుడుచుకున్నాను. చేతితొడుగు మీద అది వెంటనే గడ్డకట్టింది.

"నిన్న సౌనా కాచుకున్నారా?"

"కాచుకున్నాం. వాడికి ఇక్కడ ఆఖరుది కదా." సౌనా అంటే మా ఆవిరిస్నానాల గది లెండి.

"కుండలో నీళ్ళు ఇంకా వేడిగా ఉంటాయి. బకెట్టుతో పట్టుకురా, గుడ్డలు కూడా పట్టుకురా. నేను ఇంటికెళ్ళి సీసా తెస్తాను." రెండడుగులు వేసి ఆగాడు. మొట్టమొదటిసారి రేయో వైపు తిరిగాడు. "ఒరే. ఆ సంచీ కింద పెట్టు. మూటలు మోసేవాడిలా ఏమిటది?"

రేయో సంచీ కింద పెట్టాడు.

నేను సౌనాలో నీళ్ళు ముంచుకుని వచ్చేసరికి సకారి తిరిగొచ్చాడు. స్పిరిట్ సీసా మూత తీసి రేయో చేతిలో పెట్టాడు. "నువ్వే పొయ్యి."

ఆ సీసా వాడి ఛాతీ దగ్గర ఉంది. వాసన నాదాకా వచ్చింది. సకారి కదలకుండా చూస్తున్నాడు. పరీక్ష పెట్టాడో, చేతులు చలికి వంగక ఇచ్చాడో నాకు ఇప్పటికీ తెలీదు. రేయో ఆ సీసాని పాల సీసా పట్టుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని టాంకు దగ్గరికి వెళ్ళాడు. సీసా మొత్తం వంచేశాడు. ఆఖరి చుక్క దాకా పోసి సీసా తిరిగి సకారికి ఇచ్చేశాడు. మొహంలో ఏమీ లేదు. ఒక చుక్క మీద ఆశా లేదు, వదులుకున్న గర్వమూ లేదు. వాడి మొహంలో అంత ఖాళీ చూస్తే, ఒక గుక్క తాగి ఉంటే బాగుండేదేమో అని కూడా అనిపించింది నాకు. దేవుడు క్షమించుగాక.

"పెట్రోలు ఫిల్టరు ఉండేది వెనక చక్రం దగ్గర. మంచు చేరేది అక్కడే" అంటూ సకారి ఒక అట్ట పరుచుకుని, వెల్లకిలా బండి కిందకి పాకాడు. నేను గుడ్డ వేడినీళ్ళలో ముంచి పిండి ఇస్తున్నాను, అతను ఫిల్టరుకి చుడుతున్నాడు, చల్లారినదాన్ని బయటికి విసురుతున్నాడు. విసిరిన గుడ్డ నేల మీద పడేలోపే చెక్కలా బిగుసుకుపోతోంది. గుడ్డ అందుకో, ఇంకోటి ఇవ్వు, అంతే. అరవై దాటిన మనిషి, మంచు మీద, మా బండి కింద. వాళ్ళింటి కిటికీలో హెల్వి నిలబడి చూస్తోంది. వాళ్ళావిడ. నేను అటు చూడలేకపోయాను.

"ఒరే రేయో" అన్నాడు లోపల్నించి. "నువ్వు కూర్చో. న్యూట్రల్ చేసి తాళం తిప్పు. పైపు మీద చెయ్యి పెట్టుకుని ఉంటాను, పారుతోందో లేదో నాకు తెలుస్తుంది."

రేయో వెళ్ళి కూర్చున్నాడు. చలికాలంలో మేం హ్యాండ్‌బ్రేకు వెయ్యం, వేస్తే అది గడ్డకట్టి పట్టేస్తుంది. గేరులో పెట్టి వదిలేస్తాం. అందుకని గేరు తీశాడు. కర్రని అటూ ఇటూ ఊపి చూశాడు.

"చేశావా?"

"చేశాను."

"తిప్పు."

ఏ చప్పుడూ లేదు.

"తిప్పరా! చెయ్యి ఊడిపోతోంది!"

"తిప్పను" అన్నాడు రేయో. "బయటికి రా."

"ఏమైందిరా?" అన్నాను నేను. "ఒరే, టైము పోతోంది. తిప్పు!"

వాడు నా వంక చూడలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకున్నాడు. ఆ చేతులు వణుకుతున్నాయి. ఆరు నెలల్లో వాడి ఒంట్లో ఏదైనా కదలడం నేను చూసింది అప్పుడే.

"నువ్వు కింద ఉండగా తిప్పను. బయటికి రా సకారి."

"న్యూట్రల్లో ఉంది కదా!"

"ఆ రోజు కూడా న్యూట్రల్లోనే ఉందనుకున్నాను."

బండి కింద నించి బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి, వేళ్ళు ఆకాశం వైపు. నా చేతిలో పిండిన గుడ్డ ఆవిర్లు పోతూ ఉంది. తర్వాత అదీ ఆగిపోయింది.

"చెప్పు" అన్నాడు సకారి. కింద నించే.

రేయో ముందు అద్దంకేసి చూస్తూ చెప్పాడు. వాడి గొంతు ఎప్పట్లాగే చప్పగా ఉంది. "చెరువు మధ్యలో మోటారు ఆపేశాం. వాడు ఈత కొడతానని దూకాడు. కాసేపయ్యాక వెనక నించి ఎక్కబోయాడు, మోటారు పక్కనించి. ఎక్కేటప్పుడు మోటారు తాళం మీద చెయ్యి వెయ్యకూడదని నాకు తెలుసు. చిన్నప్పుడు నువ్వే నేర్పావు. వాణ్ణి ఆటపట్టిద్దామని, రాకముందే వెళ్ళిపోతున్నట్టు నటిద్దామని తిప్పాను. న్యూట్రల్లో ఉందనుకున్నాను. చూసుకోలేదు. గేరులో ఉంది."

"గుర్తులేదన్నావు."

"గుర్తుంది."

"ఎప్పట్నించి?"

"మొదట్నించీ."

ఆరు నెలలు ఒక గిన్నెలో వండి వాడికి పెట్టాను, నాతో కూడా గుర్తులేదన్నాడు. పాపం మత్తులో ఉన్నాడు, వాడికి తెలీదు అని ఊరంతా తిరిగి చెప్పాను. పోట్లాడాను కూడా. కోపం రావాలి కదా, వచ్చింది, ఒక్క నిమిషం. చెప్పు తీసుకుని కొడదామన్నంత. అదీ పోయింది. మిగిలింది సిగ్గు. అక్కడ సకారి బూట్లు చూస్తూ నిలబడ్డాను, ఇంక ఈ మనిషి లేచి ఇంటికి పోతాడు, పోనీ, పోవాలి కూడా అనుకున్నాను. పోలీసులే వస్తారు. రానీ.

సకారి లేవలేదు. "వాడేమైనా అన్నాడా?"

"నీళ్ళు చల్లగా ఉన్నాయని బూతులు తిడుతున్నాడు. నవ్వుతున్నాడు."

"తర్వాత?"

"తర్వాత ఏం లేదు."

"నన్ను పిలవలేదా? వాళ్ళమ్మని?"

"లేదు. అంత వ్యవధి లేదు సకారి. నవ్వుతూనే ఉన్నాడు."

బండి కింద నించి ఒక శబ్దం వచ్చింది. దగ్గో, ఇంకేదో. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. మనిషి ఏడుస్తుంటే చూడకూడదు, అదీ మా దగ్గర రివాజే.

బూట్లు కదిలాయి. సకారి నెమ్మదిగా బయటికి పాకి, మంచు మీద కూర్చున్నాడు. టోపీ ఎక్కడో పోయింది. కనురెప్పలకి మంచు పట్టింది. ఎదురింటి కిటికీ వైపు చూశాడు. "హెల్వి ప్రతి రాత్రీ అడుగుతుంది. పిలిచాడేమో, మనం నిద్రపోయాం, వినపడలేదేమో అంటుంది. ఆ ఒడ్డు మన ఇంటికి ఎంత దూరమని అంటుంది." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఇప్పుడు చెప్తాను దానికి."

రేయో తలుపు తెరిచి దిగబోయాడు.

"కూర్చో" అన్నాడు సకారి. కటువుగా అన్నాడు. "నా దగ్గరికి రాకు. నిన్ను క్షమించానని ఎవరితోనూ అనకు, క్షమించలేదు. కూర్చుని తాళం తిప్పు. నేను బయటే ఉన్నాను, చూసుకో. కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నావు."

"అక్కడ నీ అక్క. కనిపిస్తోందా?"

"ఆఁ."

"గేరు మళ్ళీ చూడు."

చూశాడు.

"ఇప్పుడు తిప్పు."

గిర్ర్, గిర్ర్. ఒకసారి దగ్గింది. ఆగింది. మళ్ళీ తిప్పాడు. ఈసారి అందుకుంది. ముందు కుంటుతూ, తర్వాత సరిగ్గా. వెనక గొట్టం నించి తెల్లటి ఆవిరి వాకిలంతా కమ్మేసింది. అందులో సకారి టోపీ వెతుక్కుని, ఖాళీ సీసా తీసుకుని, గేటు దాటి వెళ్ళిపోయాడు. థాంక్స్ చెప్పినా బాగుండేది కాదు.

దారంతా అడవి. నేనే నడిపాను. రేయో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఫ్లాస్కు అందిస్తే కాఫీ పోసుకుని తాగాడు. చాలా దూరం వెళ్ళాక, "అక్కా, ఇది కోర్టుకి కూడా చెప్పాలా?" అన్నాడు.

"చెప్పాలి."

"ఎక్కువ పడుతుందేమో."

"పడనీ."

"ఊఁ. లోపలికి వెళ్ళగానే చెప్తాను" అన్నాడు.

వెలుగు పోకముందే చేరాం. పసుపు రంగు చెక్క భవనం, బడి లాగే ఉంది. గేటు దగ్గర కాపలావాడు చేతిలో తాగారో లేదో ఊదించి చూసే మిషనుతో నిలబడి ఉన్నాడు. బండి ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదోనని నాకు భయం. ఇంజను ఆపకుండా, క్లచ్ మీద కాలు పెట్టుకుని కూర్చున్నాను. దిగి కౌగిలించుకోవడానికి లేదు. వాడు సంచీ తీసుకుని దిగాడు. బండి ముందు నించి నడవబోయి ఆగిపోయాడు, నా వైపు చూశాడు.

అర్థమైంది. గేరు తీశాను. రెండు చేతులూ ఎత్తి చూపించాను.

అప్పుడు నా ముందు నించి నడిచి, గేటులోకి వెళ్ళాడు.